ఓడ్రా తీరసీమ

ఐరోపా ఖండపు నడిమి భాగంలో, పోలండ్ దేశానికి నైరుతి మూలన సిలీషియా అనే ప్రాచీన సీమ ఉంది. చెక్ దేశపు కొండల్లో పుట్టిన ఓడ్రా నది ఈ సీమను నిలువునా తడుపుతూ వాయవ్య దిశగా సాగి, చివరకు బాల్టిక్ సముద్రాన్ని చేరుతుంది. ఆ నదికి ఎగువన ఉన్న భాగం ఎగువ సిలీషియా, దిగువన ఉన్న భాగం దిగువ సిలీషియా. బొగ్గు గనులతో, కర్మాగారాలతో ఎగువ భాగం పేరు పొందింది. కోటలతో, మఠాలతో, కొయ్య చర్చిలతో, దట్టమైన అడవులున్న కొండలతో దిగువ భాగం యాత్రికులను ఆకర్షిస్తోంది. పోలిష్ భాషలో ఈ దిగువ సీమను డోల్నీ శ్లొన్‌స్క్ అంటారు. ఆరున్నర లక్షలకు పైగా జనాభా గల వ్రోత్స్వావ్ దీని ముఖ్యనగరం.

సాధారణంగా ఏ దేశంలోనైనా యాత్రికుడికి పాత కట్టడాలను చూపించేవారు 'ఇవి మా పూర్వులు కట్టినవి' అని గర్వంగా చెప్పుకుంటారు. ఈ సీమలో అలా చెప్పగలిగిన వారు చాలా తక్కువ. ఇక్కడ నేడు నివసిస్తున్న వారిలో అధికసంఖ్యాకుల తాతలు, ముత్తాతలు 1945కు ముందు ఈ నేలను కన్నెత్తి చూసినవారు కారు. వారు కాపాడుతున్న చర్చిలను, కోటలను, పురవీథులను కట్టినవారు వేరే భాష మాట్లాడినవారు. ఒకరు కట్టి విడిచిపోయిన ఇంటిలో మరొకరు కాపురం ఉంటూ, ఆ ఇంటి గోడల మీది పాత పటాలను ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కున్న సీమ ఇది. ఆ సమాధానం తెలిసినప్పుడే ఇక్కడి దర్శనీయ స్థలాలకు అర్థం బోధపడుతుంది.

క్రీ.శ. పదవ శతాబ్ది చివరలో పోలండ్ తొలి రాజవంశమైన ప్యాస్ట్ వంశీయులు ఈ సీమను తమ ఏలుబడిలోకి తెచ్చుకున్నారు. 1000వ సంవత్సరంలో వ్రోత్స్వావ్‌లో బిషప్ పీఠం ఏర్పడింది. 1241లో తూర్పు నుంచి ముంచెత్తిన మంగోలు సేనలను లెగ్నిత్సా వద్ద ఎదిరిస్తూ ఈ సీమాధిపతి రెండవ హెన్రీ ప్రాణాలు విడిచాడు. ఆ తరువాత పాడుబడిన పల్లెలను నిలబెట్టడానికి జర్మన్ సీమల నుంచి రైతులు, వృత్తికారులు, వర్తకులు మరింతగా వచ్చి స్థిరపడ్డారు. 1335 నుంచి చెక్ రాజుల అధీనంలోను, 1526 నుంచి ఆస్ట్రియాను పాలించిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల అధీనంలోను, 1740 తరువాత జరిగిన యుద్ధాల ఫలితంగా ప్రష్యా రాజుల అధీనంలోను ఈ నేల ఉంది. 1871లో ఏకీకృత జర్మనీలో భాగమైంది. ప్రభువులు మారినప్పుడల్లా నగరం పేరు పలికే తీరు కూడా మారింది. చెక్ వారికి అది వ్రాటిస్లావ్, జర్మన్‌లకు బ్రెస్లౌ, పోలిష్ వారికి వ్రోత్స్వావ్.

రెండవ ప్రపంచ యుద్ధం చివరి దినాలలో బ్రెస్లౌ నగరాన్ని కోటగా ప్రకటించి, చివరి మనిషి వరకు పోరాడాలని హిట్లర్ ప్రభుత్వం ఆజ్ఞాపించింది. 1945 ఫిబ్రవరి నెల మధ్యలో సోవియట్ సేనలు నగరాన్ని చుట్టుముట్టాయి. లోపల విమానాలు దిగడానికి తావు కావాలని జర్మన్ సైన్యమే తమ నగరంలోని ఒక నిండు పేటను నేలమట్టం చేసింది. బెర్లిన్ పతనమైన నాలుగు దినాలకు, మే 6న, ఈ నగరం లొంగిపోయింది. అప్పటికి సగానికి పైగా నగరం శిథిలాల కుప్ప. ఆ వేసవిలో పోట్స్‌డామ్‌లో సమావేశమైన విజేతలు పోలండ్ దేశపు పటాన్ని పడమటికి జరిపారు. తూర్పున ల్వూఫ్ వంటి నగరాలు సోవియట్ యూనియన్‌కు దక్కగా, పడమట సిలీషియా పోలండ్‌కు సంక్రమించింది. ఇక్కడి జర్మన్‌లను పడమటికి పంపివేశారు. తూర్పున ఇల్లు వాకిలి కోల్పోయిన పోలిష్ కుటుంబాలు, దేశం నడిమి పల్లెల ప్రజలు ఆ ఖాళీ ఇళ్లలోకి వచ్చి చేరారు. వంటగదిలో జర్మన్ అక్షరాలున్న ఉప్పు డబ్బా, అటక మీద ఎవరివో ఛాయాచిత్రాలు వారికి స్వాగతం పలికాయి. సరిహద్దు మళ్లీ మారుతుందేమో, జర్మన్‌లు తిరిగి వస్తారేమో అన్న భయంతో చాలామంది ఏళ్ల తరబడి పెట్టెలు సర్దుకొనే బతికారు.

ఆ భయం గుర్తుంచుకొని వ్రోత్స్వావ్ నగరాన్ని చూడాలి. యాత్ర మొదలుపెట్టడానికి తగిన చోటు ఓస్త్రూఫ్ తూమ్స్కీ. ఓడ్రా నది పాయల మధ్య నగరం పుట్టిన తొలి స్థానం ఇదే. ఒకప్పుడు చుట్టూ నీరున్న లంక. కాలక్రమాన ఒక పాయ పూడిపోయినా పేరులో మాత్రం లంక మిగిలింది. జంట శిఖరాల సెయింట్ జాన్ కెథెడ్రల్ ఇక్కడ ఉంది. 1945 ముట్టడిలో చాలావరకు కూలిన ఆ మందిరాన్ని పునర్నిర్మించి 1951లో తిరిగి ప్రతిష్ఠించారు. ఇక్కడి వీథులలో నేటికీ గ్యాసు దీపాలే వెలుగుతాయి. ప్రతి సాయంకాలం నల్లని అంగీ, పొడవైన టోపీ ధరించిన ఉద్యోగి చేత కర్ర పట్టుకొని, వందకు పైగా ఉన్న ఆ దీపాలను ఒక్కొక్కటిగా వెలిగిస్తూ నడుస్తాడు. తెల్లవారగానే వాటిని ఆర్పివేస్తాడు. ఒక్క మీటతో ఊరంతా వెలుగు నింపగల కాలంలో ఈ నెమ్మది పనిని వదులుకోకుండా నిలుపుకోవడం వెనుక, తాము కట్టని వీథిని తమదిగా చేసుకోవాలన్న తపన కనిపిస్తుంది.

అక్కడి నుంచి వంతెనలు దాటి దక్షిణానికి నడిస్తే పాత నగరపు అంగడి చౌకం వస్తుంది. సుమారు 213 మీటర్ల పొడవు, 178 మీటర్ల వెడల్పు గల ఈ చౌకం ఐరోపాలోని మధ్యయుగపు విశాలమైన చౌకాలలో ఒకటి. దాని నడుమ పదమూడవ శతాబ్దిలో ఆరంభమై పదహారవ శతాబ్ది వరకు పెరిగిన నగర సభాభవనం ఉంది. ఎర్ర ఇటుకల గోడలు, సూదిమొన వంటి శిఖరాలు, గోడ మీది పెద్ద గడియారం దూరం నుంచే చూపును ఆకట్టుకుంటాయి. భవనం ముందు ఒక ఆసనం మీద కూర్చున్న పెద్దమనిషి విగ్రహం ఉంది. ఆయన పోలిష్ హాస్య నాటకకర్త అలెగ్జాండర్ ఫ్రెద్రో. ఆయన ఈ ఊరి వాడు కాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరలో ల్వూఫ్ నగరంలో ప్రతిష్ఠించిన ఆ విగ్రహాన్ని యుద్ధానంతరం అక్కడి నుంచి తరలించి, 1956లో ఇక్కడ నిలిపారు. పూర్వం ఈ చౌకంలో గుర్రం మీద కొలువుదీరిన ప్రష్యా రాజు విగ్రహం ఉండేది. కాందిశీకులైన మనుషులతో పాటు వారి నాటకకర్త కూడా తన కుర్చీతో సహా వలస వచ్చి కూర్చున్నాడు.

వలస వచ్చిన వాటిలో మరొకటి రత్స్వావిత్సే చిత్రపటం. 1794 ఏప్రిల్ 4న రత్స్వావిత్సే గ్రామం వద్ద తదేయుష్ కొష్చుష్కో నాయకత్వంలో పోలిష్ సేనలు రష్యా సైన్యాన్ని ఓడించాయి. పొడుగు పిడి కొడవళ్లే ఆయుధాలుగా చేసుకొని సామాన్య రైతులు ఫిరంగులను స్వాధీనం చేసుకోవడం ఆ యుద్ధంలో ముఖ్య ఘట్టం. నూరేళ్ల తరువాత యాన్ స్టికా, వోయ్‌చెఖ్ కొస్సాక్ అనే చిత్రకారులు సహచరులతో కలిసి ఆ దృశ్యాన్ని 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు గల వస్త్రం మీద చిత్రించారు. 1894లో ల్వూఫ్‌లో ప్రదర్శనకు వచ్చిన ఆ పటం 1946లో వ్రోత్స్వావ్‌కు చేరింది. రష్యా సైన్యపు ఓటమిని చూపే చిత్రాన్ని సోవియట్ ప్రాబల్యం సాగుతున్న దినాలలో ప్రదర్శించడానికి పాలకులు జంకారు. చుట్టచుట్టిన పటం దశాబ్దాల పాటు చీకట్లో ఉండిపోయింది. ఎట్టకేలకు 1985లో ప్రత్యేకంగా నిర్మించిన గుండ్రని భవనంలో అది ప్రజలకు దర్శనమిచ్చింది. చూపరి నడుమ నిలబడితే చిత్రం చుట్టూ పరచుకుంటుంది. పటం ముందు నేల మీద నిజమైన మట్టిని, పొదలను, విరిగిన బండ్లను అమర్చడం వల్ల చిత్రం ఎక్కడ మొదలై నేల ఎక్కడ ముగుస్తుందో కన్ను పోల్చుకోలేదు. ల్వూఫ్ నుంచే తరలివచ్చిన ఒస్సొలినేయుమ్ గ్రంథాలయం కూడా ఈ నగరపు గర్వకారణం. పోలిష్ ప్రజల జాతీయ కావ్యమైన 'పాన్ తదేయుష్'కు కవి మిత్స్‌కేవిచ్ స్వహస్తంతో రాసిన ప్రతి ఆ సంస్థలో ఉంది. దానికోసం 2016లో చౌకంలోనే ఒక ప్రదర్శనశాల తెరిచారు.

నగరానికి తూర్పున శతాబ్ది మందిరం ఉంది. నెపోలియన్‌పై 1813లో సాధించిన విజయానికి నూరేళ్లు నిండిన సందర్భంగా మాక్స్ బెర్గ్ అనే వాస్తుశిల్పి 1911–1913 మధ్య దీనిని నిర్మించాడు. ఇనుప కడ్డీలు పొదిగిన కాంక్రీటుతో 65 మీటర్ల వ్యాసం గల గుమ్మటాన్ని నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా నిలపడం ఆనాటికి అపూర్వం. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మందిర నిర్మాణానికి మూడు దశాబ్దాల ముందు, 1882లో, ఈ నగరంలోనే భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ జన్మించాడు. యూదుడైన కారణంగా 1933లో జర్మనీలో ఉద్యోగం కోల్పోయిన ఆయన, సర్ సి.వి. రామన్ ఆహ్వానంపై 1935–36లో కొన్ని నెలలు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గడిపాడు. తరువాత 1954లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఒక నగరం తన బిడ్డలను తరిమివేసుకుంటే ఎంత పోగొట్టుకుంటుందో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

ఈ నగరవీథులలో నడిచే యాత్రికుడు తల వంచి నేలను కూడా చూడాలి. మోకాలెత్తు కూడా లేని కంచు మరుగుజ్జులు గోడల మూలల్లో, కిటికీ గట్ల మీద, దీపస్తంభాల పక్కన వందల సంఖ్యలో కనిపిస్తాయి. ఒకటి బండరాయి దొర్లిస్తుంటుంది, మరొకటి నిద్రపోతుంటుంది. పిల్లలు పటం చేతబట్టుకొని వాటిని వెదుకుతుంటారు. ఈ వినోదం వెనుక ఒక చరిత్ర ఉంది. 1980లలో సైనిక శాసనం నడుస్తున్నప్పుడు ప్రజలు గోడల మీద నిరసన నినాదాలు రాసేవారు. ప్రభుత్వం వాటి మీద సున్నం పూసేది. 'నారింజ ప్రత్యామ్నాయం' అనే యువజన బృందం ఆ సున్నపు మరకల మీద మరుగుజ్జు బొమ్మలు గీసింది. నారింజరంగు టోపీలు పెట్టుకొని ఊరేగింపులు తీసింది. మరుగుజ్జుల సభలో పాల్గొన్నందుకు మనుషులను నిర్బంధించవలసి వచ్చిన ప్రభుత్వం నవ్వులపాలైంది. ఆయుధం లేని హాస్యం అధికారాన్ని ఎంత ఇరకాటంలో పెట్టగలదో ఆ యువకులు నిరూపించారు. వారి స్మృతిగా 2001లో ఒక మరుగుజ్జు విగ్రహాన్ని స్థాపించారు. 2005 నుంచి చిన్న విగ్రహాలు వీథివీథినా వెలిశాయి.

నగరం విడిచి దక్షిణంగా వెళితే హెన్రికూఫ్ అనే గ్రామంలో 1227లో స్థాపించిన సిస్టర్షియన్ సన్యాసుల మఠం ఉంది. భాషాభిమానులకు ఇది తీర్థస్థలమే. మఠానికి ఏ భూమి ఎలా సంక్రమించిందో తెలిపే గ్రంథాన్ని ఇక్కడి మఠాధిపతి 1270 ప్రాంతంలో లాటిన్ భాషలో రాయించాడు. అందులో ఒకచోట, చెక్ సీమ నుంచి వచ్చి స్థిరపడిన బోగ్వాల్ అనే రైతు కథ వస్తుంది. అతడి భార్య ఒక మతాధికారి కుమార్తె. ఆమె తరచూ నిలబడి తిరగలి తిప్పుతుండేది. భార్య శ్రమ చూసి జాలిపడిన భర్త, తాను విసురుతానని, ఆమెను కాసేపు విశ్రమించమని చెప్పాడు. మగవాడు తిరగలి పట్టడం చూసిన ఇరుగుపొరుగు అతడికి ఒక ఎగతాళి పేరు పెట్టారు. ఆ పేరే ఊరి పేరుగా నిలిచింది. బ్రుకాలిత్సే అనే ఆ పల్లె నేటికీ ఉంది. భర్త పలికిన మాటను మాత్రం గ్రంథకర్త లాటిన్‌లోకి మార్చకుండా, విన్నది విన్నట్లు ఆనాటి జనభాషలోనే రాశాడు. పోలిష్ భాషలో లిఖితరూపంలో నిలిచిన మొట్టమొదటి వాక్యంగా పండితులు దానిని పరిగణిస్తారు. లాటిన్ గ్రంథంలో, జర్మన్ మఠాధిపతి పర్యవేక్షణలో, చెక్ రైతు నోట పలికిన పోలిష్ వాక్యమది. రాజశాసనమూ, యుద్ధవర్ణనా కాకుండా ఇల్లాలి శ్రమను పంచుకున్న మాట ఒక భాషకు తొలి వాక్యం కావడం ఎంత అదృష్టం! వ్రోత్స్వావ్‌లో భద్రపరచిన ఈ గ్రంథాన్ని 2015లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' పట్టికలో చేర్చింది.

దిగువ సిలీషియాలో తప్పక చూడవలసినవి శాంతి చర్చిలు. 1618 నుంచి 1648 వరకు మతకలహాలతో ఐరోపాను దహించిన ముప్పై ఏళ్ల యుద్ధం వెస్ట్‌ఫాలియా సంధితో ముగిసింది. కాథలిక్ చక్రవర్తి ఏలుబడిలోని సిలీషియాలో ప్రొటెస్టెంట్ ప్రజలకు మూడు పట్టణాలలో మాత్రం చర్చి కట్టుకోవడానికి అనుమతి లభించింది. అవి గ్వోగూఫ్, యావోర్, ష్విద్నిత్సా. అనుమతితో పాటు నియమాలూ వచ్చాయి. చర్చి కోటగోడ వెలుపల, ఫిరంగి గుండు వేటు దూరంలో ఉండాలి. రాయి, ఇటుక వాడరాదు. కొయ్య, మట్టి, గడ్డి, ఇసుక మాత్రమే వాడాలి. శిఖరం ఉండరాదు, గంట మోగరాదు. ఏడాదిలోగా నిర్మాణం పూర్తి కావాలి. ఎక్కువకాలం నిలవకూడదన్నదే ఆ నియమాల అంతరార్థం.

ఆ నియమాలను ప్రజలు అక్షరాలా పాటించారు. ఆల్బ్రెఖ్ట్ ఫాన్ జేబిష్ అనే వాస్తుశిల్పి దూలాలతో పెద్ద చట్రాలు బిగించి, సందులలో గడ్డి కలిపిన మట్టిని మెత్తాడు. ష్విద్నిత్సాలో 1657లో పూర్తయిన చర్చిలో ఏడువేల ఐదువందల మంది పట్టే చోటుంది. వెలుపలి నుంచి చూస్తే పెద్ద ధాన్యపు కొట్టులా కనిపిస్తుంది. లోపల అడుగుపెడితే అంతస్తులుగా లేచిన కొయ్య మండపాలు, రంగుల చిత్రాలు నిండిన పైకప్పు, బంగారు పూత పూసిన వేదిక యాత్రికుడిని నిశ్చేష్టుణ్ణి చేస్తాయి. గ్వోగూఫ్ చర్చి 1758లో అగ్నికి ఆహుతైంది. మిగిలిన రెండూ మూడున్నర శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్నాయి. 1945 తరువాత వాటిని నింపిన జర్మన్ భక్తులు వెళ్లిపోయారు, వచ్చినవారిలో దాదాపు అందరూ కాథలిక్కులు. అయినా మిగిలిన చిన్న ప్రొటెస్టెంట్ సమాజం ఆ కట్టడాలను కాపాడింది. మరమ్మతులకు పోలండ్, జర్మనీ రెండూ చేయూతనిచ్చాయి. 2001లో అవి ప్రపంచ వారసత్వ సంపదలో చేరాయి.

దక్షిణపు సరిహద్దులో కర్కొనోషె పర్వతాలున్నాయి. వాటిలో ఎత్తైన ష్న్యేష్కా శిఖరం 1,603 మీటర్లు. శిఖరం మీద ఒక అడుగు పోలండ్‌లో, మరొక అడుగు చెక్ దేశంలో పెట్టవచ్చు. పర్వత పాదంలోని కర్పాచ్ పట్టణంలో నల్లని కొయ్యతో కట్టిన వాంగ్ చర్చి ఉంది. దాని కొసలలో రాక్షసముఖాల చెక్కడాలు చూడగానే ఇది ఈ ప్రాంతపు శైలి కాదని తెలుస్తుంది. సుమారు ఎనిమిది వందల ఏళ్ల నాడు నార్వే దేశపు వాంగ్ గ్రామంలో కట్టిన ఆ చర్చి ఊరి జనానికి చాలక, 1841లో అమ్మకానికి వచ్చింది. ప్రష్యా రాజు కొని, విడదీసిన కొయ్యలను ఓడల మీద తెప్పించి, 1844 నాటికి ఈ కొండ మీద తిరిగి కూర్పించాడు. మనుషులు, విగ్రహాలు, పటాలు, గ్రంథాలు వలస వచ్చిన ఈ సీమకు ఏకంగా ఒక చర్చే వలస వచ్చిందన్నమాట.

వావ్‌బ్జిఖ్ పట్టణ సమీపంలో పచ్చని లోయ అంచున క్షొన్జ్ కోట ఉంది. పదమూడవ శతాబ్ది చివరలో మొదటి బోల్కో ప్రభువు పునాది వేసిన ఈ కోట పోలండ్‌లోని మిక్కిలి పెద్ద కోటలలో మూడవదిగా పేరుపడింది. నాలుగు శతాబ్దాలకు పైగా హోఖ్‌బర్గ్ ప్రభు కుటుంబం దీనిని అలంకరించింది. యుద్ధకాలంలో నాజీలు దీనిని వశపరచుకొని, కింద కొండను తొలిచి సొరంగాలు తవ్వించారు. సమీపంలోని సోవీ పర్వతాలలోనూ అటువంటి సొరంగాలున్నాయి. వాటి ప్రయోజనం ఏమిటన్నది నేటికీ చర్చనీయాంశమే. దాచిన బంగారం కథలు చెప్పి యాత్రికులను ఊరించేవారు అక్కడ ఎందరో ఉన్నారు. ఆ రాతిని తొలిచినవారు బందీలన్న సత్యం మాత్రం కథ కాదు. వారిలో చాలామంది గ్రోస్-రోజెన్ నిర్బంధ శిబిరానికి చెందినవారు. నేడు రోగొజ్నిత్సా అనే ఆ గ్రామంలో శిబిరపు స్థలాన్ని స్మారక ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. 1940 నుంచి 1945 వరకు సుమారు 1,25,000 మంది అందులో బందీలుగా ఉండగా, సుమారు 40,000 మంది మరణించారని అంచనా. శిబిరం పక్కనే రాతి గని ఉంది. కోటను చూసినవారు ఈ గనిని కూడా చూడాలి. కోట ఇచ్చే కన్నుల పండుగ మాత్రమే చాలుననుకుంటే ఈ సీమను సగమే చూసినట్లు.

ఆగ్నేయాన క్వోజ్‌కో పరిసరాలలో ఉన్న కుదోవా పట్టణం ఔషధజలాలకు ప్రసిద్ధి. దాని అంచున చెర్మ్నా పేటలో ఒక చిన్న ప్రార్థనామందిరం ఉంది. దాని గోడలను, పైకప్పును సుమారు మూడువేల కపాలాలతో, ఎముకలతో కప్పారు. నేలమాళిగలో మరెన్నో వేల కపాలాలున్నాయి. యుద్ధాలలో, అంటువ్యాధులలో మరణించి, పైపైన పూడ్చిపెట్టిన అనామకుల అస్థికలవి. స్థానిక మతాచార్యుడు వాత్స్లావ్ తొమాషెక్ 1776 నుంచి దశాబ్దాల పాటు వాటిని సేకరించి, శుభ్రపరిచి, ఇక్కడ నిలిపాడు. ఏ కపాలం చెక్ వాడిదో, ఏది జర్మన్ వాడిదో, ఏది సైనికుడిదో, ఏది రైతుదో చెప్పగల యాత్రికుడు లేడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావాలి. పరుల వారసత్వంతో ఈ సీమ ఏం చేసింది? తొలి దశాబ్దాలలో చేసింది గొప్పగా చెప్పుకోదగినది కాదు. వార్సా నగర పునర్నిర్మాణానికి ఇటుకల కోసం ఇక్కడి కట్టడాలను కూల్చారు. బాగుచేయగలిగినవి కూడా అందులో ఉన్నాయి. గోడల మీది జర్మన్ అక్షరాలను చెరిపివేశారు. జర్మన్ శ్మశానవాటికలను తొలగించి, సమాధి రాళ్లను నిర్మాణ పనులకు వాడారు. నాజీల చేతిలో కుటుంబాలను కోల్పోయి వచ్చినవారి కోపం ఆ చేతలలో ఉంది. ఆ కోపం అర్థం కానిది కాదు. కాని పాత పేర్లు చెరిపినంత మాత్రాన కొత్తవారికి ఆ ఇళ్లలో నిద్ర పట్టలేదు.

మార్పు మెల్లగా వచ్చింది. వ్రోత్స్వావ్ పీఠానికి చెందిన బొలెస్వావ్ కొమినెక్ చొరవతో 1965 నవంబరులో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకు ఒక లేఖ రాశారు. అపారంగా నష్టపోయిన పక్షమే క్షమిస్తున్నట్లు చెప్పి, తానూ క్షమాపణ కోరింది. ఆనాటి ప్రభుత్వం మండిపడింది. విశ్వాసులలోనూ చాలామంది నొచ్చుకున్నారు. అయినా ఆ లేఖ వేసిన విత్తనం మొలకెత్తింది. ష్విద్నిత్సా సమీపంలో క్షిజోవా అనే పల్లె ఉంది. హిట్లర్‌ను వ్యతిరేకించి 1945 జనవరిలో ఉరికి గురైన హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే కుటుంబ నివాసం అక్కడే. బెర్లిన్ గోడ తెరుచుకున్న మూడు దినాలకు, 1989 నవంబరు 12న, పోలండ్ ప్రధాని మజొవియెత్స్కీ, జర్మన్ ఛాన్సలర్ కోల్ ఆ ప్రాంగణంలో కలిసి ప్రార్థనలో పాల్గొని ఆలింగనం చేసుకున్నారు. నేడక్కడ వివిధ దేశాల విద్యార్థులు కలుసుకొనే యువజన కేంద్రం నడుస్తోంది. 2008లో వ్రోత్స్వావ్ నగరం ఒక ఉద్యానంలో 'ఉమ్మడి స్మృతి స్మారకం' కట్టింది. మాయమైన శ్మశానవాటికలలో నిద్రించిన పూర్వ పౌరులకు, తమవారు కాని వారికి, అంకితమిచ్చింది. మిగిలిన పాత సమాధి రాళ్లను ఏరి ఆ గోడలో పొదిగింది.

ఈ సీమవాసులు తమ ఊరిని నిజంగా తమదిగా చేసుకున్నది 1997లో అని చాలామంది చెబుతారు. ఆ సంవత్సరం జూలైలో ఓడ్రా నదికి ఘోరమైన వరద వచ్చింది. నగరంలో చాలా భాగం నీట మునిగింది. అప్పుడు ఓస్త్రూఫ్ తూమ్స్కీలోని చర్చిలను, ఒస్సొలినేయుమ్ గ్రంథాలయాన్ని కాపాడడానికి సామాన్య పౌరులు, విద్యార్థులు రాత్రింబవళ్లు ఇసుక బస్తాలు మోశారు. ఆ చర్చిలను తమ తాతలు కట్టలేదని ఆ రాత్రులలో ఎవరికీ గుర్తు రాలేదు. కాగితాలు, సరిహద్దులు ఇవ్వలేని హక్కును ఆ బస్తాల బరువు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో మళ్లీ వరదలు వచ్చి క్వోజ్‌కో పరిసరాలను ముంచెత్తినప్పుడు కూడా పొరుగు పట్టణాల నుంచి వచ్చిన ప్రజలు పారలు చేతబట్టి బురద ఎత్తిపోశారు.

వారసత్వం రక్తం ద్వారా మాత్రమే సంక్రమిస్తుందని లోకం సాధారణంగా నమ్ముతుంది. ఓడ్రా తీరసీమ ఆ నమ్మకాన్ని సవరిస్తుంది. కట్టినవాడికి ఒక హక్కు ఉంది, కాపాడినవాడికీ ఒక హక్కు ఉంది. మొదటివాడి పేరు చెరపకుండా కాపాడినప్పుడే రెండవవాడి హక్కుకు గౌరవం. ష్విద్నిత్సాలోని మట్టిగోడలు, వాంగ్ చర్చి కొయ్యలు, ఫ్రెద్రో కూర్చున్న కుర్చీ, ఉద్యానంలోని సమాధి రాళ్లు యాత్రికుడికి చెప్పే మాట ఇదే. చీకటి పడే వేళ అతడు మళ్లీ ఓస్త్రూఫ్ తూమ్స్కీ వంతెన మీద నిలబడితే, నల్ల అంగీ వేసుకున్న మనిషి కర్ర ఎత్తి తొలి దీపం వెలిగిస్తుంటాడు. ఆ దీపస్తంభం ఎవరు పాతారో అతడు అడగడు. వెలిగించవలసిన తదుపరి దీపం వైపు నడుస్తాడు.